ఏ సెక్షన్ కింద సార్?

పోయిన నెల ఇల్లు మారాం. సామాన్లు సర్దుతుంటే పాత బీరువా కింది అరలో, గ్యాస్ బుక్కుకీ కరెంటు బిల్లులకీ మధ్యన నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి దొరికింది. మడతల దగ్గర చిరుగుపట్టింది. పైన పోలీసు స్టేషన్ గుండ్రటి సీలు, పక్కన తేదీ 25-3-2020. "కింద తెలిపిన వ్యక్తి తన స్వగ్రామమునకు వెళ్లుటకు అభ్యంతరము లేదు" అని ఒక్క వాక్యం ప్రింటు చేసి ఉంది. నా పేరు, బైకు నంబరు, ఊరి పేరు బాల్ పెన్నుతో రాశారు. కింద ఎవరిదో తెలియని సంతకం.

ఆ కాగితం కోసం ఆ రోజు పొద్దున్న నాలుగు గంటలు లైన్లో నిలబడ్డాను. ముందు రాత్రే ప్రధాని లాక్‌డౌన్ ప్రకటించారు. తెల్లారేసరికి హైదరాబాద్‌లో మా హాస్టల్ ఆంటీ అందరినీ పిలిచి, వంటమనిషి రానంది, నీళ్ల ట్యాంకర్ కూడా రాదేమో, ఊళ్లకి వెళ్లిపోండి బాబూ అంది. ఆవిడ తప్పు కూడా లేదు, అరవై మందికి అన్నం ఎక్కణ్ణుంచి తెస్తుంది? స్టేషన్లో పాసులిస్తున్నారని ఎవరో అన్నారు. అంతే, చుట్టుపక్కల హాస్టళ్లన్నీ అక్కడే ఉన్నాయి. మనిషికీ మనిషికీ మీటరు దూరం ఉండాలని మైకులో చెప్తున్నారు, మేమేమో ఒకరి వీపు మీద ఒకరు ఉన్నాం.

పాసు పట్టుకుని నేనూ నా రూమ్మేటూ ఒకే బండి మీద బయల్దేరాం. విజయవాడ హైవే అంత ఖాళీగా ఉండటం మళ్లీ ఎప్పుడూ చూడలేదు. కోదాడ దాటాక, రాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్ట్ దగ్గర ఆగిపోయాం. అప్పటికే వందల బండ్లు. అందరి చేతుల్లోనూ ఇదే కాగితం. అక్కడున్న ఎస్సై దాన్ని చూసి, "ఇది అటుపక్క వాళ్లిచ్చింది, ఇక్కడ చెల్లదు" అన్నాడు.

"మరి ఏ ఆర్డరు కింద ఆపుతున్నారు సార్?" అని అడిగాను. గొడవ పెట్టుకునే ఉద్దేశం లేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాను.

"పైనుంచి చెప్పారు."

"ఏ సెక్షన్ కింద సార్?" అన్నాడు నా రూమ్మేటు. వాడు అప్పుడు గ్రూప్-2కి చదువుతున్నాడు, పాలిటీ పుస్తకం బ్యాగులోనే ఉంది.

ఎస్సై మమ్మల్ని తిట్టలేదు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. రాత్రి తొమ్మిదింటికి మా బిస్కెట్ ప్యాకెట్లోంచి రెండు తీసుకుని, "నాకూ కాగితం రాలేదు బాబూ, ఫోనే వచ్చింది" అన్నాడు. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. కానీ ఇన్నేళ్లయినా మర్చిపోలేదు. అర్ధరాత్రి దాటాక వెనక్కి తిరిగి కోదాడలో రూమ్మేటు వాళ్ల మేనమామ ఇంటికి చేరాం. రాత్రికి పడుకుంటాం అని వెళ్లినవాళ్లం నలభై రోజులు ఉన్నాం.

## ఫోన్లో నడిచిన చట్టం

ఆ రోజు మమ్మల్ని ఆపడం తప్పా అంటే, ఏమో, కాకపోవచ్చు. హైదరాబాద్ హాస్టళ్ల నుంచి వేలమంది ఒకేసారి ఊళ్ల మీద పడితే జబ్బు ఎంత పాకేదో ఎవరికీ తెలియదు. ఊళ్లో అరవై ఏళ్లు దాటిన అమ్మానాన్నల దగ్గరికి నేనే మోసుకెళ్లి ఉండొచ్చు. విపత్తు వచ్చినప్పుడు ప్రభుత్వానికి మామూలు రోజుల్లో లేని అధికారం కావాలి. దారి మూయాలి, ఊరు ఖాళీ చేయించాలి, లారీ లాక్కోవాలి. ఇందులో నాకు పేచీ లేదు.

నా పేచీ ఆ ఫోను గురించి. ఒక ప్రభుత్వం సీలు వేసిచ్చిన కాగితాన్ని ఇంకో ప్రభుత్వం నోటిమాటతో కొట్టేసింది. తమాషా ఏమిటంటే రెంటికీ చట్టం నుంచి వచ్చిన అధికారం ఉంది. కావలసినంత ఉంది. 1897 నాటి అంటువ్యాధుల చట్టం రాష్ట్రాల చేతిలో ఉంది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కేంద్రం నుంచి కలెక్టర్ దాకా అందరి చేతిలోనూ ఉంది. 144 సెక్షన్ ఎప్పుడూ ఉండేదే. రాష్ట్రాల సరిహద్దులు గట్టిగా మూయమని కేంద్ర హోంశాఖ రాతపూర్వకంగా చెప్పింది మార్చి 29న. మేం సరిహద్దులో నిలబడ్డది 25న. ఆ నాలుగు రోజులూ హైవే మీద జనాన్ని నడిపించింది చట్టం కాదు, సెల్‌ఫోన్లు.

ఈ చట్టాలు తీసి చదివితే ఇంకో విషయం కనబడుతుంది. 1897 చట్టం బొంబాయి ప్లేగు భయంలో తెల్లదొరలు హడావిడిగా చేసింది. మొత్తం నాలుగే సెక్షన్లు. ఆ చట్టం చేతిలో పెట్టుకుని పూనాలో సైనికులు ఇళ్లలోకి జొరబడి సోదాలు చేశారు. ఆ కోపంలోనే ఆ ఏడు జూన్ 22న చాపేకర్ సోదరులు ప్లేగు కమిషనర్ రాండ్‌ని కాల్చారు. అంత మొరటు చట్టం కూడా రెండో సెక్షన్లో ఒక మాట అంటుంది: "బహిరంగ ప్రకటన" ద్వారా "తాత్కాలిక" నిబంధనలు పెట్టవచ్చు అని. అంటే జనానికి చెప్పి చెయ్యాలి, కొంతకాలానికే చెయ్యాలి. 144 సెక్షన్ సంగతీ అంతే (ఇప్పుడు కొత్త కోడ్‌లో 163 అయింది). అసలు విషయమేమిటో పేర్కొంటూ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి, అది రెండు నెలలకి మించి నడవదు, రాష్ట్ర ప్రభుత్వం పొడిగించినా ఇంకో ఆరు నెలలే. తెల్లవాడు కూడా కాగితం వద్దనలేదు. కాగితం అక్కర్లేదనుకున్నది మనం.

(అన్నట్టు ఈ మూడు చట్టాల్లోనూ ఎంత వెతికినా గుంజీళ్ల ప్రస్తావన దొరకలేదు. కప్పగంతులదీ లేదు. ఇలాంటి ఉత్తర్వుని కాదంటే పెట్టే ఐపీసీ 188 సెక్షన్ కింద మామూలుగా పడే జరిమానా అప్పట్లో 200 రూపాయలు, మనుషుల ప్రాణాలకి ముప్పు తెచ్చే పనైతే 1,000. లాఠీ దెబ్బ రేటు ఎక్కడా రాయలేదు.)

నేను చెప్పేది చిన్న విషయమే. ఎంత అర్జెంటు పనైనా సరే, నన్ను ఆపే మనిషి చేతిలో ఒక కాగితం ఉండాలి. ఏ సెక్షన్, ఎవరి సంతకం, ఎప్పటిదాకా, ఈ మూడూ దాని మీద ఉండాలి. ఇది విన్న ప్రతివాడూ "నీకు చాదస్తం" అంటాడు. మా ఇంట్లోనూ అదే అన్నారు. కాదని ఎందుకనుకుంటున్నానో చెప్పడానికి రెండు సంగతులు చెప్పాలి, రెండూ మన దగ్గర జరిగినవే.

## అంబులెన్సులు

2021 మే. రెండో వేవ్. ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం వాట్సాప్ గ్రూపుల్లో కాళ్లావేళ్లా పడుతున్న రోజులు. ఆంధ్ర నుంచి హైదరాబాద్ ఆసుపత్రులకి వస్తున్న అంబులెన్సుల్ని తెలంగాణ పోలీసులు సరిహద్దులో ఆపేశారు. కర్నూలు దాటాక పుల్లూరు టోల్‌గేట్ దగ్గర, ఇటు కోదాడ వైపు రామాపురం దగ్గర. ఆసుపత్రిలో బెడ్డు దొరికినట్టు రుజువు ఉంటేనే వదిలారు. లోపల పేషెంట్, పక్కన సిలిండర్, బయట ఫోను పట్టుకుని కొడుకో కూతురో ఆసుపత్రి వాళ్లని బతిమాలుతూ ఉండటం టీవీల్లో చూశాం. చెక్‌పోస్టు దగ్గరే ప్రాణాలు పోయాయన్న వార్తలూ చూశాం.

తెలంగాణ వాదన కొట్టిపారేసేది కాదు. ఉన్న బెడ్లెన్ని, ఆక్సిజన్ ఎంత, వస్తున్న జనం ఎంత? ఆసుపత్రి గేటు దాకా వచ్చి బెడ్డు లేక అంబులెన్సులోనే చనిపోతే ఎవరిది బాధ్యత? నేను ఆ సీట్లో ఉంటే నాకూ ఇదే ఆలోచన వచ్చేదేమో. అటువైపు వాదన కూడా అంతే బలమైంది. హైవే ఒక రాష్ట్రం సొంతం కాదు. ప్రాణం కాపాడుకోవడానికి వెళ్లేవాణ్ణి ఊరి పేరు అడిగి ఆపడానికి రాజ్యాంగంలో చోటు లేదు. పైగా విభజన చట్టం ప్రకారం పదేళ్లపాటు, అంటే 2024 జూన్ 2 దాకా, హైదరాబాద్ రెండు రాష్ట్రాలకీ ఉమ్మడి రాజధాని. కాగితం మీదే అనుకోండి. అయినా కాగితం గురించే కదా మాట్లాడుకుంటున్నాం.

ఇందులో ఎవరిది న్యాయం అన్నదానికన్నా ఆ వారం విషయం నడిచిన తీరు చూడండి. మొదట ఆపింది నోటిమాట మీదే. మే 11న తెలంగాణ హైకోర్టు, ఏ అధికారంతో ఆపుతున్నారని నిలదీసింది. అప్పుడు, 13న, ప్రభుత్వం సర్క్యులర్ తెచ్చింది. బయటి రాష్ట్రం నుంచి వచ్చే పేషెంటుకి ముందుగా ఆసుపత్రి ఒప్పుకోవాలి, కంట్రోల్ రూమ్ నుంచి అనుమతి రావాలి అని. కాగితం బయటికొచ్చింది కదా, మర్నాడు, 14న, చీఫ్ జస్టిస్ హిమా కోహ్లి, జస్టిస్ బి. విజయ్‌సేన్ రెడ్డి బెంచి దాని మీద స్టే ఇచ్చింది.

నేను దీన్ని చాలాసార్లు తలుచుకుంటాను. ఫోన్లో చెప్పిన మాట మీద స్టే ఎలా ఇస్తారు? "అబ్బే, మేమెవర్నీ ఆపలేదండీ, వివరాలు అడిగి రాసుకుంటున్నాం అంతే" అనేస్తే కేసు అక్కడితో సరి. కాగితం వచ్చాక దానికి తేదీ ఉంది, సంతకం ఉంది, పట్టుకోవడానికి పిలక ఉంది. ఒక్కరోజులో పట్టుకున్నారు కూడా. ఎస్సై ఫోను మీద ఆపితే ఆ ఎస్సైతో వాదించాలి. సర్క్యులర్ మీద ఆపితే రాసినవాడితో వాదించొచ్చు.

## నాన్న పెన్షన్లో సగం

నాన్న రిటైర్డ్ స్కూల్ టీచర్. ప్రతి నెలా ఒకటో తారీఖు పొద్దున్నే బ్యాంకుకి వెళ్లి పాస్‌బుక్ ఎక్కించుకొచ్చే మనిషి. ఫోన్లో మెసేజ్ వస్తుంది కదా అంటే, "మెసేజ్ మాట, పుస్తకం రాత" అంటాడు. 2020 మార్చి పెన్షన్ సగమే పడింది. మొదట బ్యాంకు పొరపాటు అనుకున్నాడు. తర్వాత పేపర్లో చూశాడు, కరోనా వల్ల ఆదాయం లేక జీతాలూ పెన్షన్లూ వాయిదా వేశారని. తెలంగాణలోనూ ఇదే జరిగింది, మార్చి 30న ప్రకటించారు. ముఖ్యమంత్రి, మంత్రులకి 75 శాతం, ఐఏఎస్‌ల లాంటి వాళ్లకి 60, మామూలు ఉద్యోగులకీ పెన్షనర్లకీ 50.

నాన్నకి సగం పోయినందుకు బాధ లేదు. "నలుగురికీ కష్టం వచ్చినప్పుడు మనం మాత్రం పూర్తిగా ఎలా తీసుకుంటాం" అన్నాడు, నిజంగానే అన్నాడు. కానీ పక్కింటి హెడ్‌మాస్టారు (ఆయనా రిటైర్డే) ఊరుకోలేదు. "అడిగితే ఇచ్చేవాళ్లం మాస్టారూ. అడక్కుండా తీసుకున్నారు, అది వేరే సంగతి" అన్నాడు. అరుగు మీద ఇద్దరూ మాస్కులు గడ్డం కిందికి లాక్కుని సాయంత్రాలు ఇదే వాదించుకునేవాళ్లు.

చివరికి హెడ్‌మాస్టారు మాటే కోర్టులో నిలబడింది. ఒక రిటైర్డ్ జిల్లా జడ్జి వేసిన పిటిషన్ మీద 2020 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఆపిన జీతాలూ పెన్షన్లూ 12 శాతం వడ్డీతో ఇమ్మంది. పెన్షన్ అంటే దానం కాదు, ఆస్తి. చట్టం లేకుండా మనిషి ఆస్తి తీసుకోవడానికి వీల్లేదని రాజ్యాంగం 300-ఏ అధికరణం చెప్తుంది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్తే 2021 ఫిబ్రవరిలో వడ్డీని 6 శాతానికి తగ్గించారు గానీ అసలు మాట మార్చలేదు.

తెలంగాణలో కథ ఇంకో మలుపు తిరిగింది. అక్కడా హైకోర్టు ఏ చట్టం కింద పెన్షన్ కోశారని అడిగింది. జూన్‌లో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. విపత్తు వచ్చినా, ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి వచ్చినా జీతాలు, పెన్షన్లు సగం దాకా వాయిదా వేసే అధికారం ఆ ఆర్డినెన్సు ఇస్తుంది.

ఇక్కడే నా వాదనకి మొదటి దెబ్బ. కాగితం కావాలి కాగితం కావాలి అని గోల పెట్టాను. కాగితం తెచ్చారు. పెన్షనర్‌కి ఒరిగిందేమిటి? మార్చిలో చట్టం లేకుండా ఆగిన డబ్బు జూన్ తర్వాత చట్టం ప్రకారం ఆగగలదు. హెడ్‌మాస్టారు దీన్ని ఒప్పుకున్నాడు కూడా. "ఇప్పుడు పర్లేదు, అడిగినట్టే" అన్నాడు. నాకు మాత్రం అంత తేలిగ్గా మింగుడు పడలేదు. ఇప్పటికీ పూర్తిగా పడలేదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఆర్డినెన్సు అసెంబ్లీ ముందుకి వెళ్లాలి, అక్కడ ఎవరో ఒకరు లేచి మాట్లాడాలి, "సగానికి మించి కాదు" అన్న హద్దు అందులో రాసి ఉంటుంది. మార్చి నాటి ఉత్తర్వుకి అలాంటి హద్దేదీ లేదు. ఐఏఎస్‌లకి 60 అన్నారు, రేపు అందరికీ 60 అన్నా ఆపేది లేదు.

## బాబాయి లారీ

ఈ వాదన అంతా విని నవ్వేది మా బాబాయి. రెవెన్యూలో చేరి తాసీల్దారుగా రిటైరయ్యాడు. "నీ సెక్షన్లు ఏసీ గదిలో బానే ఉంటాయిరా. గాలి గంటకి నూట ఎనభై కిలోమీటర్ల మీద వస్తుంటే జీవో నంబరు అడుగుతావా?" అంటాడు.

ఆయన మాట తేలిగ్గా తీసుకోను. 1977 ఉప్పెనప్పుడు ఆయన కాలేజీలో ఉన్నాడు. నవంబరు 19 రాత్రి దివిసీమలో పోయినవాళ్ల లెక్క సర్కారు చెప్పినదే 10 వేల దాకా. 1990 మేలో మళ్లీ అదే తీరం మీదికి పెద్ద తుఫాను వచ్చేసరికి ఆయన అక్కడే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్. ఈసారి లక్షల మందిని ముందే కదిలించారు. పోయినవాళ్లు వెయ్యి లోపే. ఆ తేడా చట్టం తెచ్చింది కాదు, జీపుల్లో తిరిగి గొంతు చించుకుని అరిచిన మనుషులు తెచ్చింది. విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది సునామీ తర్వాత, 2005 డిసెంబరులో. అప్పటికి ఆ ఊసే లేదు.

ఆయన చెప్పే కథ ఒకటుంది. సముద్రం ఒడ్డు ఊళ్లో ఒక ముసలమ్మ కదలనంది. గేదె ఉంది, ఈనింది, వదిలి రానంది. బతిమాలారు, భయపెట్టారు, ససేమిరా అంది. లారీ డ్రైవరు హారన్ కొడుతున్నాడు, వాన మొదలైంది. బాబాయి వెళ్లి దూడని ఎత్తుకుని లారీలో పడేశాడు. గేదె దూడ వెనక వచ్చింది. ముసలమ్మ గేదె వెనక తిట్టుకుంటూ వచ్చింది. "ఏ సెక్షన్ కింద ఎత్తావు బాబాయ్ దూడని?" అంటే, "దూడల సెక్షన్" అంటాడు.

విశాఖ సంగతీ ఇంతే. 2020 మే 7, తెల్లవారుజామున మూడు గంటలప్పుడు ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలోంచి స్టైరిన్ అనే విషరసాయనం ఆవిరి ఇళ్ల మీదికి కమ్మింది. పోలీసులూ చుట్టుపక్కల కుర్రాళ్లూ తలుపులు పగలగొట్టి, స్పృహ తప్పినవాళ్లని భుజాల మీద వేసుకుని పరిగెత్తారు. 12 మంది పోయారు. తలుపు పగలగొట్టే ముందు వారెంటు చూపించమనడం మూర్ఖత్వం. దాన్ని నేనూ ఒప్పుకుంటాను. గంటల్లో జరగాల్సిన పనికి కాగితం అడగకూడదు.

అయితే బాబాయి కథలో ఆయన పెద్దగా పట్టించుకోకుండా చెప్పే ముక్క ఒకటుంది. ఆ లారీ. రైస్‌మిల్లు వాళ్ల లారీ అది. బాబాయి దారి మీద ఆపి, లోడు దింపించి లాక్కున్నాడు. డ్రైవరు ఏడుపు మొహం పెట్టాడు, ఓనరు చంపేస్తాడని. అప్పుడు బాబాయి జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి, లారీ నంబరు, పట్టుకున్న టైము, ఎన్ని ట్రిప్పులు, తన పేరు, హోదా రాసి, సంతకం పెట్టి, చీటీ చింపి ఇచ్చాడు. వానలో. లాంతరు వెలుగులో.

"ఎందుకు రాసిచ్చావు బాబాయ్, అంత హడావిడిలో?"

"రాయకపోతే ఎలారా? రేపు ఓనరుకి కిరాయి ఎవరిస్తారు? లారీ కాలవలో పడితే జవాబు ఎవరు చెప్తారు? నేనే కదా చెప్పాల్సింది." ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు.

2005 చట్టంలో ఇప్పుడు అచ్చంగా ఇదే ఉంది. వాహనాలూ భవనాలూ స్వాధీనం చేసుకోవడానికి 65వ సెక్షన్, పరిహారానికి 66. బాబాయి ఆ చట్టం రావడానికి పదిహేనేళ్ల ముందే, నిమిషం కూడా పట్టని పనిగా అది చేశాడు. అందుకే తుఫానులో కాగితానికి టైముండదు అన్న వాదన మా బాబాయి నోటి నుంచి వచ్చినా నేను నమ్మను. మార్చి 25న మా చెక్‌పోస్ట్ దగ్గర గాలి లేదు, వాన లేదు. మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి దాకా టైముంది.

సెక్షన్ నంబరు చెప్తే ఇంకో చిక్కు కూడా ఉంది, ప్రభుత్వాలకి అది ఇష్టం ఉండదేమోనని నా అనుమానం. నంబరుతోపాటు బాధ్యతా నెత్తిన పడుతుంది. విపత్తు చట్టం కింద లాక్‌డౌన్ పెట్టారు కాబట్టే, అదే చట్టం 12వ సెక్షన్ పట్టుకుని కొందరు సుప్రీంకోర్టుకి వెళ్లారు. విపత్తులో పోయినవాళ్ల కుటుంబాలకి ఆర్థిక సాయం ఉండాలని అందులో ఉంది. 2021 జూన్ 30న కోర్టు, మార్గదర్శకాలు తయారుచెయ్యమంది. తర్వాత 50 వేల రూపాయలు ఖాయం చేశారు. మనిషికి 50 వేలు పెద్ద మొత్తమేం కాదు. కానీ "పైనుంచి చెప్పారు" అన్న మాటలోంచి అయితే 50 పైసలు కూడా రాలవు.

## పెద్ద ఎమర్జెన్సీ, చిన్న ఎమర్జెన్సీ

ఎమర్జెన్సీ అనగానే మనకి 1975 గుర్తొస్తుంది. జూన్ 25 రాత్రి రాష్ట్రపతి సంతకం అయిపోయింది. కేబినెట్‌కి చెప్పింది మర్నాడు పొద్దున్న ఆరింటికి. మంత్రులు నిద్ర కళ్లతో వచ్చి, అయిపోయినదానికి తలూపి వెళ్లారు. ఆ దెబ్బ తిన్నాక 1978లో 44వ సవరణ తెచ్చి గట్టి తాళాలే వేశారు. కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా వస్తేనే రాష్ట్రపతి ప్రకటించాలి. నెలలోపల పార్లమెంటు ప్రత్యేక మెజారిటీతో ఒప్పుకోవాలి. ఆరు నెలలకోసారి మళ్లీ అడగాలి. బతికే హక్కుని ఏ పరిస్థితిలోనూ ఆపకూడదు.

బాగుంది. అయితే ఆ తాళాలన్నీ రాజ్యాంగంలో ఎమర్జెన్సీ గురించిన 352వ అధికరణం అనే గదికి వేశాం. ఆ తర్వాత మనల్ని ఇళ్లలో కూర్చోబెట్టినవి, రైళ్లు ఆపినవి, సరిహద్దులు మూసినవి, ఇంటర్నెట్ తీసేసినవి ఏవీ ఆ గదిలోంచి రాలేదు. దేశం మొత్తానికి వేసిన లాక్‌డౌన్, విపత్తు చట్టం కింద హోంశాఖ కార్యదర్శి సంతకంతో నడిచింది. దాన్ని నెలలోపల పార్లమెంటు ఒప్పుకోవాలన్న షరతు ఆ చట్టంలో లేదు. 2020 మార్చి 23న వాయిదా పడ్డ పార్లమెంటు మళ్లీ కూర్చున్నది సెప్టెంబరు 14న. మధ్యలో దాదాపు ఆరు నెలలు. యుద్ధం వస్తే నెలలో అడగాల్సిన ప్రశ్న, జబ్బు వస్తే ఆరు నెలలైనా ఎవరూ అడగలేదు.

2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు. అక్కడ ఇళ్లు తగలబడ్డాయి, పుకార్లు ఆపాలి, మొదటి రెండు రోజులూ నేను కూడా మంచిపనే అన్నాను. మా పిన్ని కొడుకు అప్పుడు అక్కడి నుంచే వర్క్ ఫ్రమ్ హోమ్. రోజూ లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని, బండి మీద గోదావరి వంతెన దాటి యానాం వైపు వెళ్లి, చెట్టు కింద కూర్చుని మీటింగులు చూసుకునేవాడు. మేనేజరు పుణెలో ఉంటాడు, నమ్మడు. "ఇంటర్నెట్ ఆపారన్న గవర్నమెంట్ ఆర్డరు ఏదైనా ఉంటే పంపు" అన్నాడట. వాడు వెతికాడు. వార్తలు దొరికాయి, ఆర్డరు దొరకలేదు. చివరికి పేపర్ కటింగ్ ఫోటో తీసి పంపాడు.

అప్పటికే సుప్రీంకోర్టు తీర్పు వచ్చి రెండేళ్లు దాటింది. కశ్మీర్ కేసులో, 2020 జనవరి 10న, ఇలాంటి ఉత్తర్వులన్నీ బయటపెట్టాలి, గడువు లేకుండా ఆపకూడదు అని చెప్పింది. ఆ తీర్పు మాత్రం ఎప్పుడొచ్చింది? కశ్మీర్‌లో నెట్ పోయిన ఐదు నెలలకి. ఇది నా రెండో అనుమానం. కాగితం ఉంటే కోర్టుకి వెళ్లొచ్చు అంటున్నాను సరే, వెళ్లేదెవరు? అంబులెన్సుల కేసు మూడు రోజుల్లో తేలింది, పెన్షన్ కేసు వేసిన మనిషి స్వయానా జడ్జి. చెట్టు కింద మీటింగులు చూసుకునే కుర్రాడు ఏ కోర్టుకి వెళ్తాడు? వాడికి ఆ కాగితం కావలసింది కోర్టుకి కూడా కాదు, మేనేజరుకి చూపించడానికి.

ఆ సంగతి ఆలోచించాక నా వాదన కొంచెం మారింది. కాగితం కోర్టు కోసం అనుకునేవాణ్ణి. ఎక్కువసార్లు అది ఇంకో మనిషికి చూపించడానికి పనికొస్తుంది. సెలవు ఇవ్వని మేనేజరుకి, అద్దె అడిగే ఓనరుకి, పరీక్షకి ఎందుకు రాలేదని అడిగే ప్రిన్సిపాల్‌కి. "నా వల్ల కాదు, ఇదిగో, వీళ్లు ఆపారు" అని చెప్పుకోవడానికి. చెక్‌పోస్ట్ దగ్గర ఎస్సైకి కూడా అలాంటి కాగితమే కావలసింది. అది ఉంటే వందమందితో నోటిగొడవ పడకుండా చూపించి ఊరుకునేవాడు.

1897 చట్టం ఇప్పటికీ ఉంది. 2020లో ఆసుపత్రి సిబ్బంది మీద దాడులకి శిక్షలు చేర్చారు, మంచిదే. 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ 286వ నివేదికలో ఈ చట్టం ఈ కాలానికి సరిపోదని రాసింది. ఆ నివేదిక మీద నాకు తెలిసినవాళ్లలో వాదించుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. జబ్బు పోయింది కదా.

మొన్న ఆదివారం బాబాయి కొత్తింటికి వచ్చాడు. బీరువాలో దొరికిన పాసు చూపించాను. కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుని, వెలుతురు కోసం బాల్కనీలోకి తీసుకెళ్లాడు. సీలు చూశాడు, సంతకం చూశాడు, వెనక్కి తిప్పాడు, మళ్లీ ముందుకి తిప్పాడు.

"ఏంటి బాబాయ్ వెతుకుతున్నావు?"

"డిస్పాచ్ నంబరు లేదేమిటిరా దీనిమీద?"